అంబాసిడర్, పద్మిని హెడ్ ఇంట్లో బాగుచేయడం: ఎంతవరకు మన పని, ఎక్కణ్ణించి లేత్ పని?

#1 · చంద్రగిరి_1489

నమస్తే అండి. బండి అంబాసిడర్ మార్క్ 2, 1489 సీసీ పెట్రోల్, షెడ్డులో చాలాకాలం నిలబడిపోయింది. ఇంజన్ పట్టేయలేదు, హ్యాండిల్ వేస్తే తిరుగుతోంది. కంప్రెషన్ గేజ్ పెట్టి చూస్తే 1, 3, 4 సిలిండర్లు చదరపు అంగుళానికి 110 నుంచి 120 పౌండ్ల మధ్య ఉన్నాయి, 2 మాత్రం 60 దగ్గర ఆగిపోతోంది. ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూస్తే 65 వచ్చింది. రింగులు పోయుంటే ఆయిల్ పోయగానే బాగా పెరగాలి కాబట్టి తప్పు వాల్వులోనే ఉందని నా లెక్క.

హెడ్ (సిలిండర్ల మీద మూతలా కూర్చునే, వాల్వులుండే భాగం) విప్పి, శుభ్రం చేసి, వాల్వులు గ్రైండ్ చేసి, అదే ఊపులో ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్ కూడా సరిచేయాలని ఉంది. మొత్తం తీసుకెళ్ళి షాపులో ఇస్తే చేసి ఇస్తారు, నిజమే. కానీ తొందర్లో ఎవరైనా గ్రైండర్ పెట్టి గీకేస్తే పాత భాగాలు మళ్ళీ దొరకవు. ఇంట్లో ఏయే పనులు ధైర్యంగా చేయొచ్చు, వేటిని ముట్టుకోకూడదు అన్నది ముందే తేల్చుకోవాలి. ఇంకో మాట, ఇన్నాళ్ళూ రేడియేటర్‌లో పోసింది బోరు నీళ్ళే. లోపల సున్నం గట్టిగానే పట్టి ఉంటుంది.

#2 · చిత్తూరు_అంబి

లెక్క సరిగ్గానే ఉంది. కానీ స్పానర్ పట్టుకునే ముందు ఒక్క పని చేయండి. రెండో సిలిండర్ వాల్వులు రెండింటికీ టాపెట్ గ్యాప్ (వాల్వుని నొక్కే రాకర్‌కీ, వాల్వు కాండానికీ మధ్య సందు) కొలవండి. ఎగ్జాస్ట్ సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతే గ్యాప్ మూసుకుపోతుంది. గ్యాప్ సున్నా అయితే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ ఇలాగే పడిపోతుంది. గ్యాప్ 0.38 మి.మీ. పెట్టి మళ్ళీ గేజ్ చూడండి. అప్పుడూ 60 దగ్గరే ఉంటే హెడ్ విప్పాల్సిందే. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయుంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిందని అనుమానించాలి, మీది ఆ కేసు కాదు.

విప్పేటప్పుడు ఈ ఇంజన్‌లో కొత్తవాళ్ళు తప్పు చేసే చోటు రాకర్ షాఫ్ట్, అంటే రాకర్లు కూర్చునే కడ్డీ. దాని నాలుగు పీఠాల్లో ఒక్కో పీఠానికి ఒక పెద్ద నట్టు, ఒక చిన్న నట్టు ఉంటాయి. ఆ పెద్ద నట్లు నాలుగూ హెడ్ నట్లే. రాకర్ ఒక్కటే కదా అని వాటిని మాత్రం విప్పితే హెడ్ ఒకవైపు బిగువుగా, ఒకవైపు వదులుగా మిగిలి వంగుతుంది. అందుకని నీళ్ళు ముందే పూర్తిగా వదిలేసి, మొత్తం 11 హెడ్ నట్లనూ వరస ప్రకారం కొంచెం కొంచెంగా, చివర్ల నుంచి మధ్యకి వదులు చేయాలి. వేడి ఇంజన్ మీద ఈ పని వద్దు.

పుష్‌రాడ్లు (టాపెట్ నుంచి రాకర్‌ని నెట్టే కడ్డీలు) పైకి లాగే ముందు ఒకసారి మెలితిప్పండి. అడుగున టాపెట్‌కి ఆయిల్ పట్టి ఉంటుంది, నేరుగా లాగితే టాపెట్ కూడా పైకి లేస్తుంది. అట్టముక్కకి 8 రంధ్రాలు చేసి నంబర్లు వేసి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి. వాల్వులకీ అంతే.

హెడ్ కదలకపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, ఒక్క గీత పడినా గ్యాస్కెట్ అక్కడే కారుతుంది. నట్లన్నీ తీసేసి, స్పార్క్ ప్లగ్గులు బిగించే ఉంచి, హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పితే లోపలి ఒత్తిడికే హెడ్ లేస్తుంది.

#3 · రేణిగుంట_లేత్

అన్నా, ఒక మాట. మిల్లీమీటర్ స్పానర్లు దాని మీద వాడొద్దు. హెడ్ నట్టుకి 9/16 ఏఎఫ్ (నట్టు ఎదురెదురు మొహాల మధ్య అంగుళాల కొలత) స్పానరు కావాల. 14 దూరదు, 15 పెడితే జారి నట్టు మూలలు గుండ్రంగా అయిపోతాయి. డిస్ట్రిబ్యూటర్‌లో చిన్న స్క్రూలు బీఏ (పాత బ్రిటిష్ కొలత) మరలు, వాటికి మెట్రిక్ స్క్రూ బలవంతంగా ఎక్కిస్తే మర పోతాది.

మానిఫోల్డ్ స్టడ్లు తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి పెట్టండి. ఆటోమేటిక్ గేర్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపినా బాగా దిగతాది, కాకపోతే మంటకి దూరం. నట్టుని విప్పే వైపే తిప్పతా పోకుండా, కొంచెం బిగించి కొంచెం విప్పి, అట్ల ఆడించాల. అయినా రాకపోతే నట్టుని మాత్రం వేడి చేయండి, స్టడ్డుని కాదు. స్టడ్డు లోపల విరిగితే ఈజీ ఔట్ (విరిగిన ముక్కలోకి ఎక్కించి విప్పే పనిముట్టు) పెట్టొద్దు. అది గట్టి ఉక్కు, లోపల విరిగిందంటే డ్రిల్లు కూడా దిగదు. విరిగిన స్టడ్డు మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తీయడమే పద్ధతి, అది షాపు పని. ఎగ్జాస్ట్ వైపు తిరిగి వేసేటప్పుడు ఇత్తడి నట్లు వేయండి, మళ్ళీ పట్టేయవు.

ఇంకోటి. బ్రేక్ క్లీనర్ స్ప్రేల్లో కొన్నింట్లో క్లోరిన్ ఉంటాది. దాంతో కడిగిన ముక్కని వెల్డింగ్‌కి తెస్తే వచ్చే పొగ విషం. డబ్బా మీద చూసి కొనుక్కోండి, వెల్డర్‌కి ముందే చెప్పండి.

#4 · ల్యాబ్_మాస్టారు

శుభ్రం చేయడం గురించి కొంచెం వివరంగా రాస్తాను. హెడ్లు పాడయ్యేది ఎక్కువగా ఈ దశలోనే.

మొదట మసి, జిడ్డు. కిరసనాయిల్లో, అది దొరక్కపోతే డీజిల్లో ఒక రాత్రి నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో రుద్దాలి. కంబషన్ ఛాంబర్‌లో గట్టిపడిన కార్బన్‌ని గట్టి చెక్కముక్కతో గానీ పలచటి అల్యూమినియం పట్టీతో గానీ గీరండి. ఉక్కు చీరణం వద్దు. వాల్వులు వాటి చోట ఉంచే ఛాంబర్ గీరితే సీట్ల మీద గీతలు పడవు. పెట్రోల్‌తో కడగడం మన దగ్గర అలవాటే గానీ, ఎండాకాలం తిరుపతి షెడ్డులో దాని ఆవిరి ఎంత దూరం పాకుతుందో కంటికి కనపడదు. మానేయండి.

అంబాసిడర్ హెడ్ పోత ఇనుము కాబట్టి కాస్టిక్ సోడా తట్టుకుంటుంది. లీటరు వేడి నీళ్ళకి 50 గ్రాములు. కాస్టిక్‌ని నీళ్ళలో కొంచెం కొంచెంగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే ఉడికి మొహాన చిమ్ముతుంది. కళ్ళజోడు, మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. ప్లాస్టిక్ టబ్ గానీ ఇనప పాత్ర గానీ వాడాలి, అల్యూమినియం గిన్నె పనికిరాదు.

బోరు నీళ్ళ సున్నానికి కాస్టిక్ పనిచేయదు, ఆమ్లం కావాలి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, లీటరు గోరువెచ్చని నీళ్ళకి 50 గ్రాములు. హెడ్ మునిగేలా పెట్టి నీటిదారుల్లోంచి బుడగలు వస్తున్నంతసేపు ఉంచండి. బుడగలు ఆగాయంటే సున్నం కరిగిపోయిందని అర్థం, తీసేయాలి. రాత్రంతా వదిలేస్తే ఆమ్లం ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. బయటికి తీశాక వంటసోడా నీళ్ళతో కడిగి, వేడి నీళ్ళు పోసి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ రాయాలి. ఆలస్యమైతే కళ్ళముందే ఎర్రటి తుప్పు లేస్తుంది.

తుప్పు బాగా పట్టిన ఇనప భాగాలకి (రాకర్ కవర్, సైడ్ కవర్లు, బ్రాకెట్లు) ఎలక్ట్రోలిసిస్ అన్నిటికన్నా మంచిది, మంచి లోహాన్ని తినదు. ప్లాస్టిక్ బకెట్లో నాలుగు లీటర్ల నీళ్ళకి ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా. ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగటివ్ తీగ మన భాగానికి, పాజిటివ్ తీగ పారేయడానికి సిద్ధపడ్డ మామూలు ఇనప కడ్డీకి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ గానీ గరిటె గానీ పెట్టొద్దు, దాని క్రోమియం నీళ్ళలోకి దిగి విషమవుతుంది. కడ్డీకి ఎదురుగా ఉన్న వైపే తుప్పు బాగా వదులుతుంది కాబట్టి మధ్యమధ్యలో భాగాన్ని తిప్పుతుండాలి. హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడే చోట పెట్టండి, తీగలు తీసేముందు చార్జర్ ఆపండి.

వాల్వు స్ప్రింగులు, సర్‌క్లిప్పులు మాత్రం ఆమ్లంలోనూ వద్దు, ఎలక్ట్రోలిసిస్‌లోనూ వద్దు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చొరబడితే పెళుసుబారి తర్వాత నడుస్తుండగా విరుగుతుంది. స్ప్రింగు విరిగితే వాల్వు పిస్టన్ మీద పడే ప్రమాదం ఉంది.

#5 · పలమనేరు_పద్మిని

మాస్టారూ, పద్మిని 1089 సీసీ హెడ్‌కి కూడా ఇవే కొలతలు పనికొస్తాయా?

#6 · ల్యాబ్_మాస్టారు

వద్దు, వద్దు. పద్మిని హెడ్ అల్యూమినియం. కాస్టిక్ తగిలితే నురగలు కక్కుతూ లోహమే కరిగిపోతుంది. ఎలక్ట్రోలిసిస్ కూడా కూడదు. డీజిల్, డిష్‌వాష్ సబ్బు, మెత్తటి నైలాన్ బ్రష్, ఇంతే. నీటిదారుల్లో సున్నానికి నిమ్మ ఉప్పు సగం పాళ్ళలో, లీటరుకి 20, 25 గ్రాములు, తక్కువ సేపు. ఇంకొక తేడా ఉంది. అల్యూమినియం హెడ్, ఇనప స్టడ్లు, మధ్యలో బోరు నీళ్ళు, ఈ మూడూ కలిస్తే స్టడ్ల చుట్టూ తెల్లటి పొడి పేరుకుని హెడ్ పైకి రాదు. సుత్తితో కొట్టకుండా స్టడ్ల చుట్టూ పెనెట్రేటింగ్ ఆయిల్ రోజుకోసారి పోస్తూ ఓపిక పట్టాలి.

కార్బురేటర్ బాడీలకీ ఇదే నియమం. అవి జింక్, అల్యూమినియం పోతలు. కాస్టిక్‌లో వేస్తే నల్లగా మాడి పనికిరాకుండా పోతాయి.

#7 · బైరాగిపట్టెడ

శుభ్రమయ్యాక పగుళ్ళు చూడకుండా ఒక్క రూపాయి కూడా హెడ్ మీద ఖర్చు పెట్టకండి. పక్కపక్క వాల్వు సీట్ల మధ్య సన్నటి లోహం, ముఖ్యంగా ఎగ్జాస్ట్ సీట్ల చుట్టుపక్కల చూడాలి. వెల్డింగ్ సామాన్ల షాపుల్లో డీపీ టెస్ట్ కిట్ (రంగు దింపి పగుళ్ళు చూసేది) అడిగితే మూడు స్ప్రేలు ఇస్తారు. ముందు క్లీనర్‌తో జిడ్డు పూర్తిగా తీయాలి. ఎర్ర రంగు స్ప్రే చేసి పది, పదిహేను నిమిషాలు ఆగాలి. తర్వాత క్లీనర్‌ని గుడ్డ మీద వేసి రంగు తుడవాలి, నేరుగా హెడ్ మీద కొడితే పగులులో దిగిన రంగు కూడా కడిగేస్తుంది. ఆఖరున తెల్ల డెవలపర్ పలచగా. పగులుంటే తెలుపు మీద ఎర్రటి గీత లేస్తుంది.

కిట్ లేకపోతే పాత పద్ధతి ఉంది. కిరసనాయిలు రాసి, అరగంట తర్వాత పొడిగా తుడిచి, సుద్దముక్క నీళ్ళలో నూరి పూసి ఆరనివ్వాలి. పగులు ఉన్నచోట తడి గీత పైకి వస్తుంది. చిన్న పగుళ్ళు దీనికి దొరక్కపోవచ్చు.

తర్వాత హెడ్ చదును. మంచి స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్ నిలువుగా, అడ్డంగా, రెండు మూలల మీదుగా పెట్టి 0.05 మి.మీ. ఫీలర్ దూరుతుందేమో చూడండి. దూరకపోతే హాయిగా వాడుకోవచ్చు. 0.1 దూరితే సర్ఫేస్ గ్రైండింగ్‌కి పంపాలి. ఆ మధ్యలో ఉంటే మందపాటి అద్దం మీద 240 నంబర్ ఎమరీ షీట్ పరిచి ఎనిమిదంకెల్లో రుద్దితే సరిపోతుందని నా అభిప్రాయం.

#8 · రేణిగుంట_లేత్

చివరి మాట ఒప్పుకోను బ్రదర్. అద్దం, ఎమరీ అనేది కార్బురేటర్ ఫ్లాంజికి, థర్మోస్టాట్ మూతకి బాగుంటాది. పోత ఇనప హెడ్ బరువుకి చేతులు అలిసిపోయేకొద్దీ ఒక పక్క ఎక్కువ నొక్కుతాం. అంచులు గుండ్రంగా అరిగి మధ్య ఎత్తుగా మిగులతాది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే అప్పుడు తెలుస్తాది, కానీ అప్పటికి రెండింతలు లోహం కోయాల్సొస్తాది. పాత హెడ్‌లో కోయడానికి మిగిలిందే తక్కువ. మునుపు ఎన్నిసార్లు కోశారో ఎవరికి తెలుసు?

ఇంక వాల్వుల వరస. అందరూ తలకిందులుగా చేసేది ఇక్కడే. ముందు గైడు (వాల్వు కాండం ఆడే గొట్టం), తర్వాత సీటు, ఆఖరున గ్రైండింగ్ పేస్టు. సీటు కోసే కట్టర్ గైడు లోపల పెట్టిన పైలట్ మీదే తిరగతాది. గైడు అరిగి వంకర ఉంటే సీటు కూడా వంకరగానే కోస్తాది. వాల్వుని సీటు మీద నుంచి 10 మి.మీ. లేపి పక్కకి ఊపి చూడండి, ఊగడం కంటికి తెలిసిందంటే గైడు పోయినట్టే. కొత్త గైడులో ఇన్‌టేక్‌కి ఒకటిన్నర నుంచి రెండున్నర థౌ, ఎగ్జాస్ట్‌కి రెండు నుంచి మూడు థౌ సందు ఉండాల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). గైడు మార్చడం, రీమర్ వేయడం, సీటు కోయడం షాపు పని. ఇంట్లో సుత్తితో గైడు కొట్టి దింపొద్దు, లోతు తప్పితే సీల్, స్ప్రింగ్ రెండూ దెబ్బతింటాయి.

వాల్వు అంచు మందం 0.8 మి.మీ. కన్నా తగ్గితే పక్కన పెట్టేయండి. అంచు పలచనైతే కాలి ముక్క లేచిపోతాది.

#9 · చంద్రగిరి_1489

టాపెట్ గ్యాప్ సరిచేసినా 2లో కంప్రెషన్ మారలేదు. హెడ్ విప్పి శుభ్రం చేశాను. డీపీ టెస్ట్‌లో పగుళ్ళు లేవు. చదును ఎక్కడా 0.05 దాటలేదు. గైడులు ఊగడం లేదు. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ సీటు మీద మాత్రం గుంటలున్నాయి, వాల్వు మొహం మీద ఒకచోట నల్లటి చార, గ్యాస్ తప్పించుకున్న దారి. మిగతా ఏడూ బూడిద రంగులో శుభ్రంగా ఉన్నాయి. ఆ ఒక్క సీటూ పేస్టుతో పోతుందా, కట్టర్ వేయించాలా?

#10 · చిత్తూరు_అంబి

గోరు తగిలేంత గుంట అయితే కట్టర్ వేయించండి. పేస్టుతోనే గుంట పోయేదాకా రుద్దితే వాల్వు సీటులోకి దిగబడిపోతుంది. చారపడిన వాల్వుని మొహం రీఫేస్ చేయించడం గానీ, కొత్తది వేయడం గానీ చేయాలి. మిగతా ఏడింటికి ఇంట్లో పేస్టు చాలు.

రబ్బరు కప్పు ఉన్న కర్ర, ముతక పేస్టు, సన్న పేస్టు కావాలి. సీటు బాగుంటే ముతకది ముట్టుకోకుండా సన్నదే వాడండి. వాల్వు మొహం మీద మూడు నాలుగు చోట్ల చుక్కలు పెట్టండి, పూయకండి. కాండానికి ఆయిల్ రాయండి, పేస్టు గైడులోకి పోతే గైడు అరుగుతుంది. అరచేతుల మధ్య కర్రని అటూ ఇటూ తిప్పుతూ, ప్రతి ఏడెనిమిది తిప్పులకీ వాల్వుని లేపి పావు వంతు జరిపి మళ్ళీ దించండి. లేపకుండా తిప్పితే గుండ్రటి గీతలు పడతాయి. చప్పుడు గరగరమని మొదలై మెత్తబడుతుంది, అప్పుడు తుడిచి చూడండి. చుట్టూతా తెగకుండా ఒకే వెడల్పు బూడిద రింగు కనపడాలి. ఇన్‌టేక్‌కి 1.2 నుంచి 1.5 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 1.6 నుంచి 2 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటు ద్వారానే హెడ్‌కి దించుకుంటుంది కాబట్టి దానికి వెడల్పు ఎక్కువ. రింగు వాల్వు మొహం మధ్యలో పడాలి, అంచు మీదకి జారకూడదు.

పేస్టు ఆనవాలు లేకుండా కడగండి. స్ప్రింగులు, కాటర్లు (స్ప్రింగుని వాల్వు కాండానికి పట్టి ఉంచే చిన్న ముక్కలు) వేసి, ప్లగ్గులు బిగించి, హెడ్ తిరగేసి ఛాంబర్ల నిండా కిరసనాయిలు పోయండి. పది నిమిషాల తర్వాత పోర్టుల్లో తడి కనపడకూడదు. స్ప్రింగులన్నీ చదును బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూడండి, పొట్టిగా కుంగినదాన్ని వేయొద్దు.

రాకర్ల గురించి కూడా. రాకర్ మొహం మీద వాల్వు కాండం తగిలేచోట గుంట పడి ఉంటే, ఫీలర్ గేజ్ ఆ గుంట మీదుగా వంతెనలా కూర్చుని తప్పుడు కొలత చూపిస్తుంది. గేజ్ 0.38 అన్నా నిజం గ్యాప్ ఎక్కువే, అందుకే టకటక చప్పుడు పోదు. షాఫ్ట్ విప్పి అడుగు భాగం తడమండి, మెట్టు తగిలితే షాఫ్ట్ మార్చాలి. షాఫ్ట్ లోపల ఆయిల్ రంధ్రాల్లో జిడ్డు గడ్డకట్టి ఉంటుంది, సన్న తీగతో ఒక్కోటీ పొడిచి తీయండి.

#11 · మొగిలి_ఘాట్

పాత హెడ్లలో సీట్లు నేరుగా పోత ఇనుములోనే కోసి ఉంటాయి కదా. సీసం లేని పెట్రోల్‌కి గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించాలని చాలామంది చెబుతారు. నిజంగా అవసరమా? ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కూడా కలుస్తోంది.

#12 · రేణిగుంట_లేత్

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. సీసం సీటు మీద పొరలా పడి వాల్వు అతుక్కోకుండా కాపాడేది. అది లేకుండా ఎక్కువ లోడు మీద, ఎక్కువ స్పీడు మీద గంటలకొద్దీ నడిపితే సీటు అరిగి వాల్వు దిగతాది, టాపెట్ గ్యాప్ మూసుకుంటా పోతాది. ఆదివారం కాణిపాకం దాకా పోయి వచ్చే బండికి అంత తొందరలేదు. కొన్ని వేల కిలోమీటర్లకోసారి గ్యాప్ చూసుకుంటే చాలు. నాలుగు మనుషులతో మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ తరచూ ఎక్కే బండికి నాలుగు ఎగ్జాస్ట్ సీట్లు గట్టివి వేయించడం మంచిది. ఎట్లాగూ సీటు కోయించే టైములో చేయిస్తే ఖర్చు కలిసొస్తాది. కానీ కొంచెం ఎక్కువ లోతు తవ్వితే కింద నీటిదారి బయటపడతాది, హెడ్ అక్కడికే అయిపోయినట్టు. ఈ ఇంజన్ మీద చేసి ఉన్న షాపుకే ఇవ్వండి.

#13 · కార్బ్_పుత్తూరు

ఇథనాల్ ప్రశ్నకీ, మొదట అడిగిన ఎస్‌యూకీ కలిపి చెప్తాను.

ఎస్‌యూ హెచ్‌ఎస్2 చాలా సులువైన కార్బురేటర్, తప్పు చేయకపోతే. పైన గిన్నె, లోపలి పిస్టన్ ఒకదానికొకటి జతగా తయారైనవి. రెండు కార్బురేటర్ల ముక్కలు పక్కపక్కన పెట్టి మార్చేస్తే ఇక కుదరవు. గిన్నె లోపలి గోడని, పిస్టన్ అంచుని ఎమరీతో ఎప్పుడూ రుద్దొద్దు. కార్బ్ క్లీనర్, గుడ్డ, అంతే. గోడకి ఆయిల్ రాయొద్దు, మధ్య కడ్డీకి మాత్రం ఒక చుక్క.

పరీక్ష ఎలాగంటే, పిస్టన్‌లో ఉన్న చిన్న రంధ్రాలు మూసి, డ్యాంపర్ పెట్టి, మొత్తం తలకిందులు చేసి పిస్టన్ పట్టుకుని గిన్నె వదలాలి. ఈ సైజుకి గిన్నె 3 నుంచి 5 సెకన్లలో దిగాలి. ధబ్‌మని పడితే అరుగుదల ఎక్కువ, మధ్యలో ఆగితే మురికి గానీ సొట్ట గానీ ఉంది.

సూది భుజం పిస్టన్ అడుగుతో సమానంగా ఉండాలి. జెట్ (సూది దిగే, పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) మధ్యకి తేవడం అసలైన పని. జెట్ లాక్ నట్టు వదులు చేసి, జెట్ పూర్తిగా పైకి నెట్టి పట్టుకుని, పిస్టన్‌ని పైనుంచి పెన్సిల్‌తో నొక్కి ఉంచి నట్టు బిగించాలి. తర్వాత పిస్టన్‌ని వేలితో లేపి వదిలితే అడుగున టక్కుమని లోహపు చప్పుడు రావాలి. జెట్ కిందికి దించి మళ్ళీ చూడండి, అదే చప్పుడు రావాలి. తేడా వస్తే సూది జెట్‌కి రాసుకుంటోంది, మళ్ళీ మొదట్నుంచి. మిశ్రమం నట్టుని పూర్తిగా పైకి తిప్పి, అక్కణ్ణించి 12 మొహాలు, అంటే రెండు చుట్లు కిందికి దించి స్టార్ట్ చేయండి. డ్యాంపర్‌లో 20 గ్రేడు ఆయిల్, బోలు కడ్డీ అంచుకి అరంగుళం పైదాకా.

ఇంత చేసినా ఐడిల్ నిలవకపోతే త్రాటిల్ స్పిండిల్ చూడండి. పైకీ కిందికీ ఊగితే అక్కడ దొంగగాలి పోతోంది. బుష్ వేయించడం లేత్ పని.

ఇథనాల్ 20 శాతం ఉన్నప్పుడు అదే పెట్రోల్ పరిమాణానికి గాలి తక్కువ కావాలి, కాబట్టి పాత సెట్టింగ్ మీద మిశ్రమం పలచబడుతుంది. నట్టుని ఒకటి, రెండు మొహాలు కిందికి దించి ప్లగ్ రంగు చూడండి. పాలిపోయి తెల్లగా ఉంటే ఇంకా పలచనే, ఇటుకపొడి రంగు రావాలి. పాత నల్ల రబ్బరు పైపులన్నీ తీసేసి విటాన్ పైపులు వేయండి. ఏసీ కంపెనీ పెట్రోల్ పంపు డయాఫ్రం కూడా ఇథనాల్ తట్టుకునేదే అడిగి తీసుకోండి. చెన్నై పుదుపేటలో పాత స్టాకు కిట్లు దొరుకుతాయి, చూడటానికి కొత్తగా ఉంటాయి గానీ ఆ రబ్బరు ఈ పెట్రోల్ కోసం చేసింది కాదు. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. బండి వారాల తరబడి నిలబెట్టేటప్పుడు ఫ్లోట్ ఛాంబర్ ఖాళీ చేయకపోతే అడుగున తెల్లటి పొడి, గుంటలు పడతాయి.

#14 · పలమనేరు_పద్మిని

సోలెక్స్ 32 పీబీఐసీ ఉన్నవాళ్ళు ఒకటి గమనించండి. కారుతోందని పై మూత స్క్రూలు, అడుగు ఫ్లాంజి నట్లు మళ్ళీ మళ్ళీ బిగిస్తారు, దాంతో ఫ్లాంజి వంగి ఇంకా కారుతుంది. పైన చెప్పిన అద్దం, ఎమరీ పద్ధతి దీనికి చక్కగా పనిచేస్తుంది. జెట్లని తీగతో పొడవొద్దు, ఇత్తడి రంధ్రం పెద్దదైపోతుంది. గాలి కొట్టండి.

#15 · చిత్తూరు_అంబి

బిగింపు. పాత రాగి గ్యాస్కెట్ లోపల ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకి ఊదొద్దు. నీళ్ళతో తడిపి, తడిగానే గీరి, కవరులో కట్టి పారేయండి. పాత క్లచ్ ప్లేట్, బ్రేక్ షూ దుమ్ముకీ ఇదే జాగ్రత్త.

స్టడ్ల మరలు శుభ్రం చేసి ఒక చుక్క ఆయిల్ వేయండి. బ్లాక్‌లో స్టడ్ రంధ్రాల దగ్గర లోహం పైకి ఉబ్బి ఉంటే సన్న ఆకురాయితో దాన్ని మాత్రం అణచాలి. హెడ్ గ్యాస్కెట్‌కి సిలికాన్ పేస్టు వద్దు. పిండితే బయటికి వచ్చిన ముక్క ఆయిల్ దారిలో అడ్డం పడుతుంది. నట్లు మధ్య నుంచి బయటికి, మాన్యువల్ అంకెలో మూడో వంతు, తర్వాత మూడింట రెండు వంతులు, తర్వాత పూర్తిగా. చేతి అంచనా వద్దు, టార్క్ రెంచ్ అద్దెకైనా తెచ్చుకోండి.

టాపెట్‌కి తొమ్మిది లెక్క. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి, ఆరు తెరుచుకుంటే మూడు, నాలుగుకి అయిదు, ఏడుకి రెండు. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. తొలి సెట్టింగ్ చల్లటి ఇంజన్ మీద. స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక హెడ్ నట్లు అదే వరసలో మళ్ళీ టార్క్ చేసి, టాపెట్ మళ్ళీ చూడండి. హెడ్ కొంచెం దిగితే గ్యాప్ మారుతుంది, ఈ రెండోసారిని చాలామంది వదిలేస్తారు.

డిస్ట్రిబ్యూటర్ పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ., ఫైరింగ్ వరస 1-3-4-2.

#16 · బైరాగిపట్టెడ

50 ఏళ్ళు దాటిన బండి అయితే వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి ముందే ఆలోచించుకోండి. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, తర్వాత రెన్యువల్‌కి 5,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి. అలా తీసుకున్న బండిని రోజువారీ పనులకి వాడకూడదు. సీటు కోయడం, వాల్వులు మార్చడం మరమ్మతే. కానీ 1489 తీసేసి డీజిల్ ఇంజన్ దించారంటే ఆ దారి మూసుకుపోయినట్టే. తీసేసిన పాత భాగాలు పారేయకండి, ఫోటోలు తీసిపెట్టుకోండి.

#17 · చంద్రగిరి_1489

ఎగ్జాస్ట్ సీటు కట్టర్ వేయించాను, కొత్త వాల్వు, మిగతాది ఇంట్లోనే. రెండో సిలిండర్ ఇప్పుడు 115. ఐడిల్ నిలబడింది. కానీ బ్లాక్ నీటిదారులు కూడా నిమ్మ ఉప్పుతో కడిగాక, పక్కన ఉన్న గుండ్రటి ప్లగ్ ఒకటి చెమర్చడం మొదలైంది. ఇంతకుముందు పొడిగానే ఉండేది.

#18 · రేణిగుంట_లేత్

అది వెల్చ్ ప్లగ్గు అన్నా. లోపలి నుంచి తుప్పు తిని చిల్లు పడింది, ఇన్నాళ్ళూ సున్నమే దాన్ని మూసిపెట్టింది. ఎం-సీల్ లాంటివి పూసి వదిలేయొద్దు, వేడికి ఊడతాది. మధ్యలో చిన్న రంధ్రం చేసి, స్క్రూ ఎక్కించి బయటికి లాగండి. లోపలికి పడనీయొద్దు. కూర్చునే అంచు ఇత్తడి బ్రష్‌తో మెరిసేదాకా శుభ్రం చేసి, రంధ్రం కొలిచి అదే సైజు ఇత్తడి ప్లగ్గు తీసుకోండి. చిత్తూరు వైపు వాళ్ళకి వేలూరు దగ్గర, అక్కడా అడగొచ్చు. అంచుకి సీలెంట్ పలచగా రాసి, ఉబ్బు బయటికి ఉండేలా పెట్టి, చదును మొహం ఉన్న డ్రిఫ్టుతో నడిమధ్యన కొట్టండి. ఉబ్బు చదునైతే అంచు విచ్చుకుని పట్టుకుంటాది. ఇంకా కొట్టి లోపలికి గుంట పడేలా చేస్తే మళ్ళీ వదులైపోతాది.

ఒకటి కారిందంటే మిగతావాటి వయసూ అంతే, అన్నీ ఒకేసారి మార్చండి. ప్లగ్గులు తీసి ఉన్నప్పుడే ఆ రంధ్రాల్లోంచి వేలు పెట్టి బ్లాక్ అడుగున పేరుకున్న బురద తవ్వి తీయండి, డ్రెయిన్ ట్యాప్‌లో తీగ ఆడించండి. నిమ్మ ఉప్పుకి కరగని తుప్పు చెక్కలు అక్కడే ఉంటాయి. తర్వాత కూలెంట్ ఒక వంతుకి బ్యాటరీ నీళ్ళు (డిస్టిల్డ్ వాటర్) రెండు వంతులు కలిపి పోయండి, బోరు నీళ్ళు మళ్ళీ వద్దు.